జంట గీతల గ్రౌండు

తిరపతికి ఫుట్‌బాల్ టీము వచ్చిందని చెప్తే మా వీధి చివర ఆటో స్టాండులో ఇప్పటికీ అడిగేది ఒకటే మాట. "ఎంతమందొచ్చినారు? రూములు కావల్నా?" అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఈ ఊరికి గుంపుగా ఎవురొచ్చినా దర్శనానికే వస్తారు. దర్శనం చేసుకుంటారు, లడ్లు పట్టుకుంటారు, రైలెక్కుతారు. వచ్చి ఈడనే ఉండిపోయే గుంపును వాళ్ళు చూసింది లేదు. నేనూ చూసింది లేదు. మా తమ్ముడు ఆ పనిలో పడకపోయుంటే నాకూ ఈ సంగతి తెలిసుండేది కాదు.

మా తమ్ముడు డ్రిల్లు మాస్టరు. మాది సత్యవేడు పక్క. మా అమ్మ చిన్నప్పుడే పోయింది, వాణ్ణి చంకనెత్తుకుని తిరిగింది నేనే. నాకు తిరపతి సంబంధం కుదిరినంక, ఇంట్లో వాడికి వండి పెట్టేవాళ్ళు లేక, మా నాయన వాణ్ణి చిత్తూరులో కిరస్తానం వాళ్ళ హాస్టల్లో చేర్చినాడు. ఆడ ఒక ఫాదర్ ఉన్నాడు. ఆయన నేర్పేది రెండే, ప్రార్థన, ఫుట్‌బాలు. మావోడికి ఒకటి పట్టింది.

చదువయినంక తిరపతిలో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టరుగా చేరి, మా మేడమీద గదిలో ఉండిపోయినాడు. ఆ బడికి గ్రౌండు లేదు. మిద్దె ఉన్నింది. మిద్దెమీద ఆడిస్తే బంతి పిట్టగోడ దాటి రోడ్డుమీద పడతాది, కింద పూలమ్మే ఆమె తిట్టేది. అందుకని వాడు బంతిని వలసంచిలో వేసి, సంచికి తాడు కట్టి, తాడు నీళ్ళ ట్యాంకు కాలికి కట్టినాడు. తాడు ఎంత దూరం పోతే ఆట అంత దూరం. అట్లా పద్దెనిమిదేండ్లు ఆడించినాడు. పెండ్లి మాటెత్తితే "ఈ సీజను అయిపోనీ అక్కా" అనేవాడు. ఏ సీజనో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఆయన ఒకాయన ఉండాడు. మామిడికాయలు వచ్చేది ఎండాకాలం రెండు మూడు నెల్లు. మిగతా నెల్లు ఫ్యాక్టరీ గమ్మునుంటాది. ఆయన ఉండలేడు. ఒక ఏడు ఏదో పెండ్లికని కేరళ పోయినాడంట. ఆ పొద్దు ఆ ఊరి టీము ఫుట్‌బాల్లో ఓడిపోయింది. పెండ్లికొడుకు మొదలుకొని వంటవాళ్ళ వరకు అందరూ కండ్లనీళ్ళు పెట్టుకుని ఉండారంట. ఆయనకి అది బాగా నచ్చింది. "మన జిల్లాలో ఊరంతా ఒక్కమాటుగా ఏడ్చేదానికి ఏముండాది?" అని తిరిగొచ్చినప్పటినుంచి కనపడినోళ్ళందర్నీ అడిగినాడు. ఎవురూ జవాబు చెప్పలేకపోయినారు. సరే, నేనే ఒక టీము పెడతా అన్నాడు.

ఆయన మనవరాలు మావోడి బడిలోనే చదువుతాండింది. ఒకరోజు ఆయన పాపను పిలుచుకుని పోదామని వచ్చి, మిద్దెమీద అరుపులు విని పైకెక్కినాడు.

"ఈ తాడు ఎందుకప్పా?" అన్నాడు.

"కింద రోడ్డుండాది సార్."

"తాడు ఇప్పేస్తే?"

"ఆడతారు సార్," అన్నాడు మావోడు.

అంతే మాట్లాడుకున్నారు. వారం తిరక్కముందే మావోడు బడికి రాజీనామా కాగితం ఇచ్చి ఇంటికొచ్చినాడు. "అక్కా, టీము వస్తే నన్నే చిన్న కోచ్‌గా పెడతానన్నాడు" అని చెప్పినాడు. "పెద్ద కోచ్ ఎవురు?" అన్నా. "బయటినుంచి వస్తాడు. నేను పక్కన నిలబడి నేర్పించల్ల." వాడి మొహం చూసినా. హాస్టల్ నుంచి మొదటి సెలవలకి ఇంటికొచ్చినప్పుడు అట్లా ఉన్నింది మొహం. మర్నాడే ఆ బడివాళ్ళు వాడి చోట్లో కరాటే మాస్టర్ని పెట్టుకున్నారు. కరాటేకి బంతి అక్కరలేదంట.

టీము పెట్టుకున్నంత మాత్రాన పెద్ద పోటీల్లో ఆడనియ్యరు. దానికి లైసెన్సు కావల్ల. లైసెన్సు కావల్లంటే గ్రౌండు చూపించల్ల. ఒక ఆఫీసరొచ్చి చూసి సంతకం పెట్టల్ల. పోటీల్లో ఉండే ఆ ఒక్క చోటు కోసం ఇంకో రెండూర్ల వాళ్ళు కాచుకుని కూర్చోనుండారు. మన గ్రౌండు బాగలేదని ఆయన రాస్తే లైసెన్సు వాళ్ళకి పోతాది, మావోడు ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది మేడమీద గది.

వడమాలపేటకి ఇవతల, ముందు సెనక్కాయలు పండే చేను ఒకటి ఫ్యాక్టరీ ఆయన తీసుకున్నాడు. ఏడాదిపాటు మావోడు ఆ చేను విడిచి రాలేదు. గడ్డి నాటించినాడు, నీళ్ళు పెట్టించినాడు, పందుల్ని తోలినాడు. ఆటగాళ్ళనీ వాడే వెతికినాడు. సత్యవేడు నుంచి ఒకడు, కేరళ నుంచి కొందరు, మణిపూర్ నుంచి ఇద్దరు. వాళ్ళు తిరపతిలో ఒక ఇల్లు తీసుకుని ఉండారు. అద్దెకిచ్చినామె మొదటిరోజే అడిగింది, "నాయనా, దర్శనం టికెట్లు దొరికినాయా?" అని.

ఆఫీసరు వచ్చే రోజు రానే వచ్చింది. ఆయన మద్రాసు మనిషి, పాతకాలంలో రిఫరీ అంట. పొద్దన్నే నేరుగా గ్రౌండుకి రాడు కదా. తిరపతికి పనిమీద వచ్చినోళ్ళు ఎవురైనా ముందు కొండెక్కుతారు, తరవాత పని చూస్తారు. ఆయనా అంతే. "దర్శనం చేసుకుని, గుండు గీయించుకుని, ఆడనే భోంచేసి, కాసేపు పడుకుని, నాలుగ్గంటలకి వస్తా" అని చెప్పి పంపినాడు.

ఆ పొద్దు తెల్లారి లేచి చూస్తే వాన పడి వెలిసుండాది. ఎనిమిది గంటలకి మావోడు ఇంటికొచ్చినాడు. చెప్పులు గడపకాడ ఇడిసి లోపలికి రాకుండా ఆడనే నిలబడుకున్నాడు.

"ఏమబ్బోడా?"

"అక్కా, గీతలు పోయినాయి."

"ఏం గీతలు?"

"గ్రౌండు చుట్టూ సున్నం గీతలు. మొత్తం వానకి కొట్టుకోని పోయినాయి. గీతలేసే మిషను ఒకటే ఉండాది, దాని చక్రం ఇరుక్కోని తిరగడం లేదు. బాగు చేసేవాడు మద్రాసు నుంచి రావల్ల."

"చేత్తో వెయ్యకూడదా?"

వాడు నా వైపు చూసినాడు. వాకిట్లో పొద్దన్నే నేనేసిన ముగ్గు వైపు చూసినాడు.

"అక్కా," అన్నాడు, "నూరు అడుగులు కాదు, నూరు మీటర్లు."

"పొడుగైతే ఏమప్పా, వంగేది అంతే కదా."

పక్కింట్లో మామి ఉంటాది. అయ్యంగార్లు. వాళ్ళాయన కొండ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాడు. మామికి డెబ్బై దగ్గరికొచ్చినాయి గానీ, మోకాలు మడవకుండా వంగి ముగ్గేస్తే పావుగంట లేవదు. ముగ్గు సంగతిలో మా వీధిలో ఆమె మాటకి ఎదురు లేదు. ఎదురింట్లో తోడికోడళ్ళు ఇద్దరు ఉండారు, వాళ్ళిద్దరికీ మాటల్లేవు గానీ ముగ్గు ఇద్దరూ బాగా వేస్తారు. నలుగురం టెంపోలో ముగ్గుపిండి మూటలు వేసుకుని బయల్దేరినాం. టెంపో ఆయన "ఏ గుడిలోమ్మా?" అని అడిగినాడు. ఫుట్‌బాలు అని చెప్తే ఇంకా అడుగుతాడని, వడమాలపేట అని మాత్రం చెప్పినా.

గ్రౌండు చూసినంక మామి వంగి గడ్డిని చేత్తో తడిమింది. అంత పెద్ద వాకిలి ఆమె జన్మలో చూడలేదు. తరవాత "తడి బాగుంది, పిండి నిలుస్తుంది" అనింది.

మావోడు టేపు పెట్టి కొలిచి, గీత పడాల్సిన చోటంతా మేకులు కొట్టి తాళ్ళు లాగి కట్టినాడు. నడిమధ్యలో మేకు కొట్టి, తాడు తిప్పి, గుండ్రం చూపించినాడు. రెండు గోల్‌పోస్టుల ముందరా ఒక్కొక్క చుక్క పెట్టల్లని చెప్పినాడు.

"చుక్క పెట్టి?" అనింది మామి.

"అంతే మామీ. చుక్క."

"దేనితో కలపాలి?"

"దేనితోనూ కలపకూడదు. ఒంటిగా ఉంటాది."

మామి నా వైపు చూసింది. ఆ చూపులో చానా ఉన్నింది, మావోడు గమనించలేదు. వాడికి గోలు వలలు పుత్తూరు నుంచి తెచ్చుకునేది ఉన్నింది. "తాడు ఉండే చోటల్లా గీత పడల్లక్కా, తాడు తప్పగూడదు" అని రెండుమాట్లు చెప్పి, బండెక్కి పోయినాడు.

వాడు పోయినంక మామి కొంగు దోపింది. పిండి పిడికిట్లో తీసుకుని తాడు పక్కన వంగింది. వంగి, మళ్ళీ లేచింది.

"ఒకటే గీతా?" అనింది.

"తాడు ఒకటే కదా మామీ."

"తాడు ఒకటే. గీత ఒకటి ఎట్లా వేస్తాం? ఒంటి గీత చావింటి ముందర గీస్తారే. మీ తమ్ముడికి ఉద్యోగం కావాలా, వద్దా?"

నేను తోడికోడళ్ళ వైపు చూసినా. మాటల్లేని ఇద్దరూ ఒక్కసారిగా "అవునక్కా" అన్నారు. ఆరేండ్ల తరవాత వాళ్ళు కలిసి అన్న మాట అది. నాకూ నిజమే అనిపించింది. మా వాకిట్లో నేను ఏనాడూ ఒంటి గీత గీసింది లేదు. ముగ్గు ఏదైనా చుట్టూ జంట గీతలు వేసి మూస్తేనే శుభం. అటువంటిది తమ్ముడి బతుకు ఆధారపడిన చోట ఒంటి గీత గీసి పోదునా?

తాడుకి అటొకటి ఇటొకటి వేసినాం. మధ్యలో జానెడు. మేము నలుగురం రెండు జంటలుగా చీలి, ఒక జంట ఈ పక్కనుంచి, ఒక జంట ఆ పక్కనుంచి. ఎండ ఎక్కేకొద్దీ నడుము నొప్పెత్తింది గానీ ఒక్క చోట చెయ్యి వణకలేదు. నాకు ఈ పొద్దుటికీ ఆ గీతలు కండ్లముందర ఉండాయి. దారం పట్టినట్టు ఉన్నాయి. ఒంటి చుక్కల చుట్టూ ఎనిమిదేసి రేకులు వేసి దిక్కులేని చుక్కల్ని ఒక ఇంటివాళ్ళని చేసినాం. నడిమధ్య గుండ్రంలో మామి ఒక్కతే కూర్చుని పద్మం వేసింది. ఆ పద్మంలో ఒక ఎద్దులబండి నిలబెట్టొచ్చు.

పన్నెండున్నరకి మావోడు వలలు వేసుకుని వచ్చినాడు. బండి స్టాండు వేసినాడు. వల మూట దించినాడు. గ్రౌండు గట్టుమీద నిలబడి ఈ చివర నుంచి ఆ చివర వరకు చూసినాడు. చానాసేపు చూసినాడు.

"అక్కా."

"ఊఁ."

"రెండెందుకుండాయి?"

"శుభానికి."

వాడు తల పట్టుకోలేదు, అరవలేదు. మెల్లగా "అక్కా, ఇది పెండ్లి కాదు" అన్నాడు.

మామి అటునుంచి అనింది, "పెళ్ళి కన్నా తక్కువా? ఏడాదినుంచి అన్నం తినకుండా తిరుగుతున్నావే!"

"మామీ, బంతి ఈ గీత దాటితే బయటికి పోయినట్టు. రెండు గీతలుంటే ఏది దాటితే బయట?"

మామి ఆలోచించింది. "రెండూ దాటితే బయట. ఒకటి దాటితే గడపమీద ఉన్నట్టు. గడపమీద నిలబడకూడదు గదా, ఎవరైనా ఒకరు లోపలికో బయటికో తన్నాలి."

మావోడు గడియారం చూసుకున్నాడు. "ఆయనొచ్చేది నాలుక్కి. మూడున్నర గంటలుండాది. బయటి గీత మొత్తం చెరిపేద్దాం" అన్నాడు. తడి గడ్డిమీద పిండి అంటుకుంటే పొరకతో ఊడిస్తే పోదు. ముందు పొరకతో రేపి, తరవాత నీళ్ళు చల్లి, మళ్ళీ ఊడ్చల్ల. అందులోనూ పక్కన జానెడు దూరంలో ఉండే లోపలి గీత చెదరకూడదు. వేసేది సులభంగా ఉన్నింది. అందరం పొరకలు పట్టినాం. నేను వేసిన గీతని నేనే ఊడవడం అదే మొదలు.

నాలుగు పక్కల్లో ఒక పక్క కూడా పూర్తి కాలేదు, నా ఫోను మోగింది. మా ఆయన. మా ఆయన కొండ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాడు. మనిషి చానా మంచోడు, మాట తక్కువ. ఎప్పుడైనా సొంతంగా ఒక మంచి పని తలపెట్టినాడంటే మాత్రం నాకు భయమేస్తాది.

"ఏం చేస్తాండారు?" అన్నాడు.

"కసువూడుస్తాండాం."

"బిర్నా కానీండి. ఆఫీసరు సారుని తీసుకోని వచ్చేస్తాండా."

సంగతేమంటే, ఆఫీసరు కొండమీద కాచుకోని కూర్చుంటే విసుగొస్తాది, విసుగులో సంతకం పెట్టడని మా ఆయనకి తోచింది. పాత స్నేహితుడి జీపు ఒకటి మాట్లాడుకుని తానే కొండమీదికి పోయినాడు. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటా ఉన్న మనిషిని "సార్, మీకోసం అందరూ ఎదురుచూస్తాండారు" అని జీపెక్కించినాడు. ఆయన పడుకుంటానన్నాడంట. "జీపులో పడుకోండి సార్, మలుపులు తెలీకుండా దింపుతా" అన్నాడంట మా ఆయన. ముప్పై ఏండ్లు ఆ దారిలో తోలినోడు, అన్నట్టే చేసినాడు.

జీపు వచ్చి నిలబడింది. ముందర మా ఆయన దిగినాడు, నా దగ్గరికొచ్చి మెల్లగా "ఎట్లుండాది నేను చేసిన పని?" అన్నాడు. నేను పొరక వెనక్కి దాచినా. ఆ వెనకే ఇంకో కార్లో ఫ్యాక్టరీ ఆయన దిగినాడు. ఆఫీసరు కొత్త గుండుమీద చందనం పూసుకుని, ఒక చేతిలో ఫైలు, ఒక చేతిలో లడ్డు సంచితో గట్టెక్కినాడు. పొడుగాటి మనిషి. గ్రౌండు చూసినాడు. లడ్డు సంచి మా ఆయన చేతికిచ్చినాడు. కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆయన మాట్లాడింది అరవం. మాకు సత్యవేడులో రెండూ ఒకటే, మామికైతే అరవమే ముందు.

"ఇదేంటి?" అన్నాడు.

"గ్రౌండు సార్," అన్నాడు ఫ్యాక్టరీ ఆయన.

"అది తెలుస్తాండాది. గీతలు?"

మావోడు పొరక చేత్తోనే ముందరికొచ్చినాడు. మోకాళ్ళ వరకు తెల్లగా పిండి. "నేనే వేయించినా సార్. నాదే తప్పు. ఒకటి తీసేస్తాండాం" అన్నాడు. మా పేరెత్తలేదు. ఏడాదిపాటు పందుల్ని తోలింది, తాడు కట్టి పద్దెనిమిదేండ్లు ఆడించింది, అంతా ఆ గీతల మధ్య జానెడు చోట్లో నిలబడుకోనుండాది.

మామికి మా అంత భయం లేదు. "ఎందుకు అబద్ధమాడతావు?" అని ముందరికొచ్చింది. "మేము వేశాం. ఒంటి గీత ఎవరైనా వేస్తారా? మీ ఇంట్లో వేస్తారా?" అని ఆఫీసర్నే అడిగింది.

ఆయన మామి వైపు తిరిగినాడు. "మా ఇంట్లోనూ ఒంటి గీత వెయ్యరు పాటీ," అని అవ్వను పిలిచినట్టు అన్నాడు. "కానీ మా ఇంట్లో ఆఫ్‌సైడ్ లేదు."

ఆఫ్‌సైడ్ అంటే ఏమో మాకు తెలీదు. మావోడి మొహంలో మాత్రం రవ్వంత ప్రాణం వచ్చింది.

"సరే," అన్నాడు ఆఫీసరు. "నేను గదులు, కొళాయిలు, గేట్లు చూసొస్తా. నేను టేపు పట్టేసరికి ఒక్కటే గీత ఉండల్ల. ఎక్కడైనా రెండు కనపడితే సంతకం లేదు."

ఆ మాట అని గదుల పక్క పోయినాడు. మావోడు మా పొరకలు తీసి పక్కన పెట్టేసినాడు. "మీరు అలిసిపోయినారు, లోపలి గీత తొక్కుతారు. నేనే చేస్తా" అన్నాడు. చేసినాడు. వంగినోడు లేవలేదు. చీపురు కట్ట విడదీసి, నాలుగు పుల్లలు మాత్రం పట్టుకుని, లోపలి గీత అంచు చెదరకుండా, బయటిదాన్ని వేలెడు వేలెడు రేపుకుంటా పోయినాడు. వెనకాల నేను చెంబుతో నీళ్ళు చల్లుకుంటా పోయినా. ఎండ నడినెత్తిన ఉన్నింది. ఒకమాటు "అబ్బోడా, మజ్జిగ తాగు" అన్నా. వినపడలేదు వాడికి.

ఆఫీసరు గదులు చూసొచ్చి గట్టుమీద నిలబడినాడు. కొత్త గుండు, మీద ఎండ. మామి తన గొడుగు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన గొడుగు పట్టుకుని, టేపు విప్పమని చెప్పకుండా, మావోడు ఊడ్చుకుంటా పోయేది చూస్తా నిలబడినాడు. మూలకొచ్చినప్పుడు మావోడు వెనక్కి తిరిగి, మోకాళ్ళమీద కూర్చుని, గీత వైపు ఒక కన్ను మూసి చూసినాడు, వంకరేమన్నా వచ్చిందేమో అని. ఆఫీసరు తల ఊపినాడు.

ఫైలు తెరిచి ఒక్కొక్క గడి నింపుతా అడుగుతా ఉన్నాడు. ఫ్యాక్టరీ ఆయన జవాబులు చెప్తాండాడు. ఒక చోట "గ్రౌండు ఇన్‌చార్జి ఎవరు?" అన్నాడు.

ఫ్యాక్టరీ ఆయన చుట్టూ చూసినాడు. "అదో, ఆయనే" అని పొరక పట్టినోణ్ణి చూపించినాడు.

"పేరు?"

నీళ్ళ చెంబు నింపుకుందామని వచ్చి నేను ఆడనే నిలబడుకోనుండా. మా తమ్ముడి పేరు ఢిల్లీ దాకా పోయే కాగితంలో ఎక్కుతాండాదని నాకు సంతోషమైపోయింది. పేరు నేనే చెప్పినా. ఇంటిపేరు, ఇనీషియల్ కూడా చెప్పినా. ఆయన తప్పుగా రాస్తే దిద్దించినా.

నాలుగు గంటలయ్యేసరికి చుక్కల చుట్టూ రేకులు కూడా పోయి, ఒక్క గీత మిగిలింది. ఆఫీసరు టేపు పట్టినాడు, కొలిచినాడు, మూలమూలా వంగి చూసినాడు. నడిమధ్య పద్మం దగ్గర మాత్రం ఆగినాడు. మావోడు పొరక తీసుకుని పరిగెత్తినాడు. "ఉండు, ఫోటో తీసుకుంటా" అన్నాడు ఆయన. తీసుకుని "ఇప్పుడు తీసెయ్" అన్నాడు. మామి మొహం అటు తిప్పుకుంది.

పదిహేను రోజులకి కాగితం వచ్చింది. లైసెన్సు ఇచ్చినారు. ఫ్యాక్టరీ దగ్గర పటాకులు కాల్చినారు. ఆ కాగితం వెనకే ఇంకో కాగితం వచ్చింది. టీములో ఎవరెవరు ఏమేమి పని చేస్తారో ఆఫీసరు రాసిన పట్టిక. అందులో మావోడు గ్రౌండు ఇన్‌చార్జి. ఒక మనిషికి ఒకే పని అంట. చిన్న కోచ్‌ని కేరళ నుంచి వచ్చిన పెద్ద కోచ్ తన వెంటే తెచ్చుకున్నాడు.

మావోడు పోయి అడిగినాడు. "పేపర్లో పడిపోయింది కదప్పా," అన్నాడంట ఫ్యాక్టరీ ఆయన, "ఇప్పుడు మారిస్తే మళ్ళీ ఇన్‌స్పెక్షన్ అంటారు. మళ్ళీ గీతలు." గీతలనే మాటకి మావోడు లేచి వచ్చేసినాడు.

మూడ్రోజులు నాతో మాట్లాడలేదు. మేడ దిగొచ్చి తినిపోతా ఉన్నాడు, ఏమి పెడితే అది తింటా ఉన్నాడు. ఇనీషియల్ దిద్దించింది నేనేనని వాడికి తెలుసు. మా ఆయన జీపు సంగతీ తెలుసు. మా ఆయన ఆ మూడ్రోజులూ అన్నానికి వాడితోపాటు కూర్చోలేదు, ముందే తినేసి వీధరుగుమీద కూర్చునేవాడు. నాలుగో రోజు మావోడికి సంగటి, రోట్లో నూరిన సెనక్కాయల ఊరిబిండి వేసిచ్చినా. సగం తిన్నంక అడిగినాడు.

"ముగ్గుపిండిలో మీరు ఏం కలుపుతారు? నీళ్ళు చల్లినా అంత తొందరగా పోలేదు."

"రవ్వంత బియ్యప్పిండి."

"ఎంత?"

చెప్పినా. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. మర్నాటినుంచి గ్రౌండుకి పోవడం మొదలుపెట్టినాడు.

మొదటి మ్యాచ్‌కి జనం బాగానే వచ్చినారు. సగంమంది గుండ్లు, రైలుకి టైముంటే చూసిపోదామని వచ్చినోళ్ళు. మామి దిండు తెచ్చుకుని కూర్చుంది. రెండు గోల్సుకి ఓడిపోయినాం. ఫ్యాక్టరీ ఆయన చుట్టూ తిరిగి అందరి మొహాలూ చూసుకుంటా వచ్చినాడు. ఎవురూ ఏడవడం లేదు. మన జనం గెలిచినోళ్ళకి కూడా చప్పట్లు కొట్టి, మంచి నీళ్ళు ఇచ్చి, బస్టాండుకి దారి చెప్పి పంపినారు. ఆయనకి మొహం చిన్నబోయింది. మావోడు మాత్రం ఆట మొత్తం గీత పక్కన నడుస్తానే ఉన్నాడు. సత్యవేడు పిల్లగాడు తన పక్కకి వచ్చినప్పుడల్లా పెదవి కదపకుండా ఏదో అంటా ఉన్నాడు. ఆ పిల్లగాడు రెండడుగులు లోపలికి జరిగేవాడు. కోచ్ రెండుమాట్లు తిరిగి చూసి, మళ్ళీ ఆట వైపు తిరిగినాడు.

ఆ సందకాడ ఇంటికొచ్చినంక నేనే అడిగినా. అప్పటివరకు ఆ మాట ఎత్తలేదు.

"నా వల్లనే కదబ్బోడా నీకు పోయింది."

"ఏం పోయింది?"

"కోచ్ పని."

వాడు చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకున్నాడు. "కోచ్ అయ్యుంటే ఎల్లుండి బస్సెక్కి గోవా పోవల్ల. ఆడనుంచి ఇంకో ఊరు. ఓడితే తీసేస్తారు. గ్రౌండుకి అట్లేం లేదు కదక్కా. గ్రౌండు యాడికీ పోదు."

"నిజంగా అంటాండావా, నన్ను ఓదారుస్తాండావా?"

"నువ్వు అడిగితే చెప్పినా," అన్నాడు. మేడెక్కి పోయినాడు.

మూడోరోజు పొద్దన్నే టీము బస్సు గ్రౌండునుంచి బయల్దేరింది. వడమాలపేట పక్క మా చుట్టాలింట్లో పని ఉన్నిందని నేను కూడా మా ఆయన బండిమీద ఆ దారిన పోతా చూసినా. మావోడు గేటుకాడ నిలబడుకోనుండాడు. ఉతికిన చొక్కా, దువ్వుకున్న తల. పోయేవాడి మాదిరి తయారై ఉండాడు. బస్సు వెనక్కి తీసేటప్పుడు డ్రైవరుకి చేత్తో సైగ చేసినాడు. మా ఆయన బండి ఆపి "ఎడమకి ఇంకొంచెం కొట్టించు" అని ఈ దరినుంచి అరిచినాడు. కిటికీలోంచి సత్యవేడు పిల్లగాడు తల బయట పెట్టినాడు. మావోడు వాడికి రెండు వేళ్ళు చూపించి, చెయ్యి లోపలికి ఊపినాడు. రెండడుగులు లోపలికి. వాడు తల ఊపినాడు.

బస్సు మెయిన్ రోడ్డెక్కి రేణిగుంట పక్క తిరిగిందాకా మావోడు చూసినాడు. తరవాత గేటు మూసినాడు, ఉతికిన చొక్కా విప్పి మేకుకి తగిలించినాడు, నీళ్ళ పైపు విప్పి గడ్డిమీదికి లాక్కుంటా పోయినాడు.